కయాక్ నడుము తాడు: ఆ ఎర్ర బంతి కోసమే కొనొచ్చు

సముద్రంలో కయాక్‌కి (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవకి) మనిషి తనను తాను కట్టేసుకోవచ్చా, కూడదా? మా సియాటిల్ వైపు కయాకర్లలో ఈ వాదన ఎప్పటికీ తెగదు. నేను కట్టుకోమనే పక్షం. నేను వాడేది నడుముకి కట్టుకునే బెల్టు, దాని తాడు రెండో కొస పడవకి ఉంటుంది. నా పక్షానికి కారణం ఈ బెల్టుకున్న ఎర్ర బంతి. నిమ్మకాయంత ఉంటుంది, బకిల్‌కి వేలాడుతూ. పట్టి లాగితే బెల్టు తాడుతో సహా నడుము నుంచి జారిపోతుంది.

సియాటిల్‌లోని ఆల్కై ఒడ్డు నుంచి బ్లేక్ ఐలాండ్ అనే దీవికి దాటుతుంటే ఒక వేసవి మధ్యాహ్నం ఉత్తరపు గాలి లేచింది. పక్కనుంచి కొట్టిన అలకి కయాక్ బోల్తా పడింది. ఇక్కడి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ నీళ్లు జూలైలో కూడా 12, 13 డిగ్రీలే ఉంటాయి. మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు. చెయ్యి దేన్ని పట్టుకుందో, దేన్ని వదిలేసిందో చూసుకునే తీరిక ఉండదు. తెడ్డు చేతిలో ఉంది, పడవ మాత్రం గాలికి కదిలిపోతోంది. ఖాళీ కయాక్ గాలికి కొట్టుకుపోతుంటే లైఫ్ జాకెట్‌తో ఈదేవాడు అందుకోవడం కష్టం. అంతలో తాడు బిగిసి నడుము దగ్గర ఒక్క గుంజు గుంజింది. ఆ గుంజుకి కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

పడవని దగ్గరకి లాక్కుని, తెడ్డుకి ఫ్లోట్ (ఆసరాగా నీటి మీద తేలే సంచి) తొడిగి ఎక్కబోతుంటే తాడు తొడకి మెలిక పడింది. అప్పటికే వేళ్లు మొద్దుబారిపోయాయి. గ్లవ్స్‌తో చిన్న క్లిప్ నొక్కడం అయ్యే పని కాదు. బంతి మాత్రం పిడికిలికి దొరికింది. రెండో చెయ్యి కాక్‌పిట్ (పడవలో కూర్చునే చోటు) అంచు మీద ఉంది కాబట్టి ధైర్యంగా లాగేశాను. ఊడొచ్చింది, ఎక్కేశాను.

అయితే ఈ బకిల్‌కి ఇసుక పడదు. లా పుష్ బీచ్ నుంచి వచ్చాక ఇంట్లో లాగి చూస్తే కదల్లేదు, మంచినీళ్లతో బాగా కడిగాకే వదిలింది. అందుకే నీళ్లలో దిగే ముందు ప్రతిసారీ ఒడ్డునే లాగి చూస్తాను. కూర్చున్నప్పుడు బెల్టు మెల్లగా తిరిగి బంతి వీపు వైపు వెళ్లిపోతుంది కూడా. డబ్బు పెట్టి కొన్నాక ఇది ఉండకూడని లోపం.

కెరటాలు విరిగే చోట మాత్రం కట్టుకోను. నీళ్లు నిండిన కయాక్ వందల కిలోలు తూగుతుంది. కెరటం దాన్ని విసిరితే తాడు చివరున్న మనిషిని కూడా ఈడ్చుకుపోతుంది, లేదా పడవే వచ్చి మీద పడుతుంది. ఒడ్డు కనిపించగానే విప్పేస్తాను.

నేను ఆఫీసు అయ్యాక ఎక్కువగా ఒంటరిగా వెళ్తాను. బోల్తా పడ్డ కయాక్‌ని లోపల కూర్చునే తెడ్డుతో తిప్పి నిలబెట్టుకోవడాన్ని రోల్ అంటారు; గాలిలో నాకది ప్రతిసారీ కుదరదు. కాబట్టి నాకిది కావాలి. తోడు ఉండి, రోల్ గట్టిగా వచ్చినవాళ్లు డెక్ మీది తాడు పట్టుకోవడం అలవాటు చేసుకుంటే సరిపోవచ్చు. రుషికొండలో కయాక్ అద్దెకు తీసుకునే మా విశాఖ మిత్రులు అడుగుతుంటారు, మాకూ ఒకటి పంపమని. ఒడ్డు కెరటాల్లోనే తిరిగేవాళ్లకి ఇది వద్దు, లైఫ్ జాకెట్ బిగించుకోండి అని చెప్తున్నాను.