ట్రాలీకి ఏ ఆయిల్ పోయాలి: రెండు బండ్లు, నాలుగు రకాల డబ్బాలు

మా ఇంట్లో రెండు ట్రాలీలు, అంటే సామాను మోసే పికప్ బండ్లు ఉన్నాయి. ఒకటి 2013 మోడల్, నాయిన కొన్నది, ఇప్పటికి మూడు లక్షల డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది 2021లో నేను ఫైనాన్స్‌లో తీసుకున్న బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండి. రెండింటి పనీ ఒకటే. గుర్రంపోడు, కనగల్ వైపు తోటల్లో బత్తాయి ఎత్తుకుని నార్కట్‌పల్లి మీదుగా బాటసింగారం మార్కెట్‌కి, సీజన్ లేనప్పుడు మిర్యాలగూడ మిల్లులకు వడ్లు, ఏదీ లేకపోతే పెళ్లిళ్ల టెంటు సామాను. రెండూ డీజిల్ బండ్లే కదా, ఒకే ఆయిల్ పోస్తే సరిపోతుందిలే అనుకుని కొన్నాళ్లు అలాగే నడిపాను. ఆ తెలివికి ఎంత అయిందో కింద చెబుతాను. బండి కంపెనీ పేరు మాత్రం అడగకండి, తప్పు బండిది కాదు.

ముందు పాత బండి. దీనికి 15డబ్ల్యూ-40, సీఐ-4 ప్లస్ అని రాసి ఉన్న మామూలు మినరల్ ఆయిల్ చాలు, ఆ అంకెలూ అక్షరాలూ ఏంటో కింద చెబుతాను. నేను ఎక్కువగా వాడింది ఇండియన్ ఆయిల్ వాళ్ల సర్వో, డీజిల్ కొట్టించే బంకులోనే దొరుకుతుంది కాబట్టి. మధ్యలో రెండుసార్లు భారత్ పెట్రోలియం వాళ్ల మ్యాక్, ఒకసారి షెల్ రిముల పోశాను. అన్నీ అదే గ్రేడు. నిజం చెప్పాలంటే పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. రిముల పోసిన కొత్తలో ఇంజిన్ సౌండు తగ్గినట్టు అనిపించింది కానీ నల్లగా కాలిపోయిన ఆయిల్ తీసి కొత్తది ఏది పోసినా నాలుగు రోజులు అలాగే అనిపిస్తుంది, పైగా డబ్బులు ఎక్కువ పెట్టాక మన చెవులు కూడా మనకు అనుకూలంగానే వింటాయి. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే జల్లెడ) లేని పాత టర్బో బండి ఉన్నవాళ్లు ఈ గ్రేడులో పేరున్న ఏ కంపెనీదైనా పోసుకోవచ్చు, సింథటిక్ జోలికి పోనక్కర్లేదు. ఆ మిగిలిన డబ్బుతో ఎయిర్ ఫిల్టర్ తొందరగా మార్చండి. తోటల్లో మట్టి బాటల మీద లేచే దుమ్ము ఇంజిన్‌ని ఆయిల్ కన్నా ముందే తినేస్తుంది.

నాయినతో మాత్రం ఒక పంచాయితీ ఎప్పటికీ తెగలేదు. "మన నల్గొండ ఎండలకు చిక్కటి ఆయిల్ పొయ్యాలె, పలచటిది మరిగిపోతది" అంటాడు. ఇరవై ఏళ్ల కింద పాత జీపులకు 20డబ్ల్యూ-50 పోసిన అలవాటు అది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్టింగ్‌కి సంబంధించింది. 15డబ్ల్యూ అంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా ఇంజిన్ తిరిగేంత పలచగా ఉందా అని పరీక్ష పెడతారు, 5డబ్ల్యూకి మైనస్ 30. మన దగ్గర డిసెంబరులో తెల్లారి నాలుగింటికి లోడు ఎత్తినా పది పన్నెండు డిగ్రీలకన్నా కిందికి దిగడం అరుదు, కాబట్టి ఆ అంకె చూసి తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. వెనకున్న 40 అనేది వంద డిగ్రీల వేడి దగ్గర ఎంత చిక్కగా ఉంటుందనే లెక్క. బయట 45 డిగ్రీలున్నా 25 ఉన్నా కూలింగ్, థర్మోస్టాట్ సరిగ్గా ఉంటే లోపల ఇంజిన్ దాదాపు ఒకే వేడి మీద నడుస్తుంది. ఎండ కోసమని చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే టర్బో దాకా ఆయిల్ ఎక్కడానికి ఆలస్యం అవుతుంది, మైలేజీ కొంచెం పడిపోతుంది. ఇది నాయినకు పదిసార్లు చెప్పాను. "నీకు బండి నేర్పింది ఎవడ్రా" అంటాడు. అక్కడితో వాదన అయిపోతుంది.

నలుపు రంగు గురించి కూడా ఒక మాట. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసి వంద కిలోమీటర్లు తిరక్కముందే గేజు కడ్డీ తీసి చూస్తే నల్లగా కనిపిస్తుంది, అది చూసి చాలామంది నకిలీ ఆయిల్ పోశారని గొడవకు దిగుతారు. డీజిల్ మసిని తనలో కలుపుకుని, ఎక్కడా పేరుకోకుండా పట్టి ఉంచడమే ఆ ఆయిల్ పని. నల్లబడిందంటే పని చేస్తోందని అర్థం. నాలుగు వేలు తిరిగినా తేనె రంగులోనే ఉందంటే అప్పుడు ఆలోచించాలి.

నకిలీ అంటే గుర్తొచ్చింది. రెండేళ్ల కింద బత్తాయి మంచి సీజన్‌లో ఉన్నప్పుడు, బంకులో స్టాక్ లేదంటే పాత బండికి ఒక షాపులో డబ్బా కొన్నాను. ఏ షాపు, ఏ ఊరు అన్నది వదిలేయండి, నా దగ్గర రుజువు లేదు. పేరున్న కంపెనీ డబ్బానే, బయటి రేటుకన్నా నాలుగు వందలు తక్కువ, బిల్లు అడిగితే "మనోడివే కదన్నా, బిల్లెందుకు" అన్నాడు. రెండున్నర వేల కిలోమీటర్లకు చిట్యాల దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు మిణుకుమంది, రేస్ చేస్తే పోయింది. అంటే వేడి మీద, స్లోలో ఉన్నప్పుడు ప్రెషర్ నిలబడడం లేదు. వెంటనే పక్కకు ఆపి చల్లారనిచ్చి మెల్లగా మా మెకానిక్ భాయ్ షెడ్డుకి తెచ్చాను. భాయ్ డ్రెయిన్ బోల్టు విప్పితే నీళ్లలా జర్రున పడిపోయింది. అరచేతిలో కొంచెం పట్టుకుని రెండు వేళ్ల మధ్య రాసి చూసి "ఇది ఆయిల్ కాదన్నా, రంగు నీళ్లు" అన్నాడు. ఫిల్టర్‌తో సహా మార్చి, మంచి ఆయిల్ పోశాక ఇప్పటిదాకా ఆ లైటు మళ్లీ రాలేదు. నాలుగు వందలు మిగుల్చుకుందామని పోతే రెండుసార్లు ఆయిల్ ఖర్చు, రెండు రోజుల కిరాయి పోయాయి.

ఇక అసలు కథ కొత్త బండిది. వారంటీ అయిపోయాక, కంపెనీ సర్వీసులో బిల్లు ఎక్కువ వేస్తున్నారని బయట ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాను. వాళ్ల దగ్గర బ్యారెల్ ఉంటుంది, అందులోంచి కొలిచి పోస్తారు. పోసింది సీఐ-4, లారీలకు పోసేదే. మాన్యువల్‌లో ఏం రాసిందో వాళ్లు చూడలేదు, నేనూ చూడలేదు. ఇంటికొచ్చాక ఒక రాత్రి తీరిగ్గా తెరిచి చూస్తే 5డబ్ల్యూ-30, ఏసీఈఏ సీ3 అని ఉంది. ఏసీఈఏ అంటే యూరప్ బండ్ల కంపెనీల సంఘం, దాని లెక్క వేరు.

ఈ అక్షరాల గొడవ ఒకసారి అర్థమైతే జీవితాంతం పనికొస్తుంది. డబ్బా వెనక ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) అని ఉన్నచోట ఎస్‌తో మొదలైతే పెట్రోలు బండిది, సీతో మొదలైతే డీజిల్‌ది. సీఐ-4 అనేది 2002 నాటి ప్రమాణం, సీకే-4 2016 చివర్లో వచ్చింది. పాత రోజుల్లో డీజిల్‌లో గంధకం ఎక్కువ, అది మండితే ఆమ్లం తయారవుతుంది, దాన్ని విరగ్గొట్టడానికి ఆయిల్‌లో కాల్షియం లాంటి లోహాల రసాయనాలు దండిగా కలిపేవారు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ వచ్చింది, గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములకు తగ్గింది, బీఎస్-4లో అది 50. ఆమ్లం తగ్గింది కాబట్టి ఆ లోహాలు అంతగా అక్కర్లేదు. పైగా కొత్త బండ్ల సైలెన్సర్ లైనులో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంది. మసి పట్టిందంటే బండే వేడి పెంచుకుని దాన్ని కాల్చేసుకుంటుంది. కానీ ఆయిల్‌లోంచి వచ్చే లోహపు బూడిద కాలదు, అక్కడే కూర్చుంటుంది, మన ఇంట్లో పొయ్యిలో కట్టె కాలిపోయాక బూడిద మిగిలినట్టే. సీ3లో ఈ బూడిద 0.8 శాతం దాటకూడదు, సీకే-4లో 1 శాతం. సీఐ-4కి అసలు హద్దే పెట్టలేదు.

అయితే ఆ ఆయిల్ పోసిన నెలన్నరకు డీపీఎఫ్ లైటు వెలిగింది. ఇంకేముంది, షెడ్డువాడి మీద విరుచుకుపడ్డాను. తర్వాత తెలిసింది, ఆ ఒక్కసారికి అంత తప్పు వాడిది కాదని. బూడిద నిండడానికి వేల వేల కిలోమీటర్లు పడుతుంది, నెలన్నరలో నిండేది మసే. ఆ నెలన్నర నేను హైవే ఎక్కనే లేదు. తోటలోంచి తోటలోకి మూడు నాలుగు కిలోమీటర్లు పోవడం, ఇంజిన్ ఆపకుండా గంటసేపు కాయలు ఎత్తించుకోవడం, మళ్లీ కదలడం. మసి కాల్చడానికి బండి మొదలుపెట్టిన ప్రతిసారీ నేను మధ్యలో తాళం తిప్పేసేవాణ్ని.

భాయ్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన కంప్యూటర్ పెట్టకముందే గేజు కడ్డీ లాగాడు. గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి తీసి, ఎండకు పట్టి నాకు చూపించాడు. ఆయిల్ పై గీత కన్నా వేలెడు పైకి ఉంది. నేను సంతోషించాను, బండి ఆయిల్ తాగడం లేదని. "వాసన చూడన్నా" అన్నాడు. డీజిల్ వాసన గుప్పుమంది. చాలా బండ్లలో మసి కాల్చడానికి సిలిండర్లో ఆలస్యంగా కొంచెం అదనపు డీజిల్ కొడుతుంది, మధ్యలో ఆపేస్తే అందులో కొంత గోడల వెంట జారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగ్గితే అందరం టెన్షన్ పడతాం, పెరిగితే మాత్రం ఎవరూ పట్టించుకోరు. డీజిల్ కలిసి పలచబడిన ఆయిల్‌తో లోడు మీద హైవే ఎక్కి ఉంటే ముందుగా పోయేది టర్బో బేరింగులే. ఆ ఆయిల్ మొత్తం తీసేయించి సీ3 పోయించాను, వర్క్‌షాపులో మసి కాల్పించాను, అంతే, లైటు పోయింది.

ఇప్పుడు ఈ బండికి క్యాస్ట్రాల్‌లో సీ3 రాసి ఉన్న 5డబ్ల్యూ-30 వాడుతున్నాను. లీటరు ధర పాత బండి ఆయిల్‌కి దాదాపు రెట్టింపు. పోసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. కానీ డీపీఎఫ్ మార్చాల్సి వస్తే ఎంతవుతుందో వర్క్‌షాపులో ఒకసారి అడిగాను, అప్పటి నుంచి ఆయిల్ ధర గురించి మాట్లాడడం మానేశాను. మీ మాన్యువల్‌లో సీకే-4 అని ఉంటే అదే పోయండి, నేను సీ3 అన్నానని సీ3 పోయకండి. పాత బండికి సీకే-4 పోసినా పరవాలేదు, పాత ప్రమాణాలకు కూడా పనికొచ్చేలా చేసిందే అది. ఎఫ్ఏ-4 అని ఎక్కడైనా కనిపిస్తే మాత్రం ముట్టుకోకండి, అది వేరే రకం ఇంజిన్ల కోసం పలచగా చేసింది. పదివేలకో ఇరవై వేలకో మార్చమని మాన్యువల్ చెప్తుంది కానీ మనలా లోడు మీద, మట్టిలో, ఆగి ఆగి తిరిగేవాళ్లు రెండు మూడు వేలు ముందే మార్చుకోవడం మంచిది. వారానికోసారి పొద్దున చల్లగా ఉన్నప్పుడు కడ్డీ చూడండి, పైకీ కిందికీ రెండు వైపులా. తోటల్లో ఎక్కువ తిరిగిన వారం నేను ఖాళీ బండితోనైనా నార్కట్‌పల్లి దాకా ఒకసారి ఆపకుండా పోయి వస్తున్నాను. డీజిల్ దండగ అని ఇంట్లో తిడతారు.

ఎక్కడ కొనాలంటే, బంకు కౌంటరులో గానీ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర గానీ, బ్యాచ్ నంబరు చూసుకుని, జీఎస్టీ బిల్లుతో. డబ్బా మీ కళ్ల ముందే తెరవాలి. ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. ఒకసారి ఒక షెడ్డులో పనిచేసే కుర్రాణ్ని గమనించాను. ఆయిల్ పోసేశాక డబ్బాను తుడిచి, మూతను మరక పడకుండా మెల్లగా బిగించి, స్టిక్కర్ మీద గీత పడకుండా వెనక అరలో నిలబెట్టాడు. అరలో అలాంటివి ఇరవై దాకా ఉన్నాయి. ఖాళీ డబ్బా మీద అంత ప్రేమ ఎందుకో నాకు తర్వాత వెలిగింది. అప్పటి నుంచి ఖాళీ డబ్బా నేనే తెచ్చుకుంటున్నాను, లేదా అక్కడే స్క్రూడ్రైవర్ పెట్టి పొడుస్తాను. మా భాయ్ దగ్గర కూడా పొడిచాను. ఆయనేమీ అనుకోలేదు, నవ్వి ఇంకో డబ్బా కూడా ముందుకు తోశాడు, ఇది కూడా కానియ్ అని.

పోయిన వారం మార్చిన డబ్బాను మాత్రం నాయిన పొడవనివ్వలేదు. మూతి వైపు సగానికి కోసి గరాటు చేసుకున్నాడు, పాత బండికి ఆయిల్ పోయడానికి.