ఒంటారియో సుపీరియర్ కోర్టు కొత్త పద్ధతులు: లా క్లర్కుగా నేను చూసింది

కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో, బ్రాంప్టన్ దగ్గర ఒక చిన్న లా ఆఫీసులో లా క్లర్కుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి తెలుగువాళ్లు బాగానే వస్తుంటారు. కాంట్రాక్టర్‌తో గొడవ పడ్డవాళ్లు, స్నేహితుడితో కలిసి పెట్టిన వ్యాపారం చెడినవాళ్లు, విడాకులు, ఆస్తి పంపకాల దాకా వచ్చినవాళ్లు. కాగితాల కట్టలు మోసిన కాలం నుంచి ఇప్పటిదాకా నా పనంతా ఒంటారియో సుపీరియర్ కోర్ట్ ఆఫ్ జస్టిస్‌తోనే. ఇక్కడ కేసు వేయబోయేవాళ్లకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు ఈ కోర్టు సంగతి కొంచెం. హత్యలాంటి పెద్ద నేరాలు, పెద్ద మొత్తాల సివిల్ దావాలు, విడాకులు, భార్యాభర్తల ఆస్తి పంపకం ఇక్కడికే వస్తాయి. చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు కూడా దీని శాఖే. అక్కడ 35,000 డాలర్లుగా ఉన్న పరిమితి 2025 అక్టోబరు 1 నుంచి 50,000 అయింది. ప్రావిన్సును 8 ప్రాంతాలుగా విభజించారు, యాభైకి పైగా చోట్ల ఈ కోర్టు నడుస్తుంది. జడ్జీలను నియమించేది రాజధాని ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్రం. భవనాలు, సిబ్బంది, కంప్యూటర్లు చూసుకునేది ప్రావిన్సు. ఈ రెండు చేతుల వ్యవహారం గుర్తుపెట్టుకోండి, ఆలస్యాల గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే రావాలి.

2020 మార్చిలో కరోనాతో కోర్టు మామూలు విచారణలు ఆపేసింది. అప్పటిదాకా చాలా కాగితాలు మనిషి పట్టుకెళ్లి కౌంటర్‌లో ఇవ్వాల్సిందే. క్యూలో నిలబడి, ముద్ర వేయించుకుని, రసీదు తెచ్చుకుంటే సగం రోజు పోయేది. ఇప్పుడు దావా వేయడం, ఫీజు కట్టడం ఆఫీసులో కూర్చునే అయిపోతున్నాయి. అఫిడవిట్ కోసం ముసలివాళ్లను మంచులో ఆఫీసుకు రప్పించే అవసరం కూడా తగ్గింది. వీడియోలో చూస్తూ ప్రమాణం చేయించడానికి 2020 ఆగస్టు 1 నుంచి నిబంధనలు ఒప్పుకుంటున్నాయి. ఈ మార్పులకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

అదే ఏడాది వచ్చింది కేస్‌లైన్స్, విచారణ పత్రాలను ఆన్‌లైన్‌లో ఉంచే వ్యవస్థ. తర్వాత దాన్నే కేస్ సెంటర్ అంటున్నారు. విచారణకు కావాల్సిన పత్రాలన్నీ అందులోకి ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి పేజీకీ అదే ఒక నంబరు వేస్తుంది, ఉదాహరణకు బి-1-42 అని. విచారణలో లాయరు ఆ నంబరు చెప్తే జడ్జి, అవతలి లాయరు నేరుగా అక్కడికి వెళ్తారు. అందరినీ ఒకేసారి ఒక పేజీకి తీసుకెళ్లే బటన్ కూడా ఉంది. "మూడో వాల్యూమ్, పదిహేనో ట్యాబ్, వెనక నుంచి నాలుగో పేజీ" అని వెతుక్కునే బాధ పోయింది. ఈ ఒక్క సౌకర్యం వల్ల విచారణలో ఎంత సమయం మిగులుతుందో పాత పద్ధతి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఫైలుకు పేరు పెట్టడానికీ పద్ధతుంది: పత్రం రకం, ఏ పక్షం, పేరు, తేదీ. "స్కాన్ 7 ఫైనల్" అని పెట్టి పంపితే అది జడ్జి కంటికి ఆనదు. సొంతంగా కేసు నడుపుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

రెండోది ఇంకా ముఖ్యం. కేస్ సెంటర్‌లోకి ఎక్కించినంత మాత్రాన కోర్టులో దాఖలు చేసినట్టు కాదు. దాఖలు వేరు, అక్కడ ఫీజు కట్టాలి, కోర్టు క్లర్కు అంగీకరించాలి. విచారణ కోసం ఎక్కించడం వేరు. ఒక పని చేసి రెండూ అయిపోయాయని కూర్చుంటే విచారణ రోజు టెన్షన్ తప్పదు. ఒకే పత్రానికి రెండు తలుపులు ఎందుకన్నది నాకు మొదటి నుంచీ నచ్చని విషయం. 2025 అక్టోబరులో టొరంటోలో కొత్త పోర్టల్ మొదలైంది. దాఖలు, ఫీజు, పత్రాలు అన్నీ ఒకే చోటికి తేవాలన్నది దాని ఉద్దేశం. మిగతా ప్రాంతాలకు దశలవారీగా రావాలి. అది వచ్చేదాకా ఏ ఊరి కోర్టుకు ఏ దారిలో పంపాలో ముందే చూసుకోక తప్పదు.

జూమ్ విచారణలు నాకు మొదట్లో అంతగా నమ్మకం కలిగించలేదు. ఇప్పుడు గట్టిగా సమర్థిస్తాను. పది నిమిషాల చిన్న వాయిదాకు ఒక రోజు జీతం పోగొట్టుకుని, పార్కింగ్ కట్టి, కారిడార్లో మధ్యాహ్నం దాకా ఎదురుచూసే అవసరం పోయింది. జడ్జి ఒప్పుకుంటే ఇండియాలో ఉన్న సాక్షి కూడా మాట్లాడొచ్చు. ఇక్కడ ఉదయం 10 గంటలంటే విజయవాడలో ఎండాకాలం రాత్రి 7:30, చలికాలం 8:30. ఒకసారి అలాగే ఒక పెద్దాయన సాక్ష్యం చెప్తుంటే పక్కన ఏదో చప్పుడైంది. గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని జడ్జి అడిగారు. కోడలు మందులు పెట్టి వెళ్లిందని ఆయన చెప్పారు. జడ్జి ఓపిగ్గా ఆగి, తలుపు వేయించి, ఫోన్ తిప్పి గదంతా చూపించమన్నారు. ఆ తర్వాతే ప్రశ్నలు కొనసాగాయి. కళ్లలోకి చూసి నిజం తేల్చాల్సిన ట్రయల్ మాత్రం కోర్టు హాల్లోనే జరగాలన్న మామూలు పద్ధతి నాకు సరైనదే అనిపిస్తుంది. ఇంకో మాట, విచారణను రికార్డు చేయడం, స్క్రీన్ ఫోటో తీయడం ఇక్కడ చట్టరీత్యా నేరం. వాట్సాప్‌లో చుట్టాలకు పంపుదామని కూడా అనుకోవద్దు.

ఇంత మారినా, సివిల్ కేసు వేసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు మారలేదు: "ఎప్పుడు తేలుతుందండీ?" ఏళ్లు పడుతుంది. పత్రం పంపడం నిమిషాల పని అయింది గానీ, ఆ పత్రాన్ని చదివే జడ్జి తేదీ దొరకడం అలాగే కష్టంగా ఉంది. 2016లో జోర్డన్ అనే నిందితుడి కేసులో కెనడా సుప్రీంకోర్టు, సుపీరియర్ కోర్టు క్రిమినల్ విచారణలకు 30 నెలల గడువు పెట్టింది. దాటితే కేసే కొట్టేసే ప్రమాదం ఉంది. కాబట్టి ఉన్న జడ్జీలు ముందు క్రిమినల్ కేసులకు వెళ్తారు, అది న్యాయమే. సివిల్ కేసు వెనక్కి పోతుంది. దానికి తోడు ఖాళీలు. 2023 మేలో సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ రిచర్డ్ వాగ్నర్ దేశంలో 85 దాకా జడ్జి పోస్టులు ఖాళీగా ఉన్నాయని ప్రధానికి ఉత్తరం రాశారు. ప్రావిన్సు ఎంత మంచి సాఫ్ట్‌వేర్ కొన్నా, ఒట్టావా జడ్జిని పంపకపోతే తేదీ రాదు.

ఇంకో కారణం నిబంధనల్లోనే ఉంది. ఇప్పటి సివిల్ ప్రొసీజర్ పునాది 1985 నాటిది. ప్లీడింగ్స్ (రెండు పక్షాల వాదనల పత్రాలు), పత్రాల మార్పిడి, డిస్కవరీలో (ట్రయల్‌కు ముందే ఎదుటి పక్షాన్ని ప్రశ్నించే దశలో) గంటల తరబడి ప్రశ్నలు, వాటి మీద మోషన్లు (కోర్టుకు మధ్యంతర అర్జీలు), ఆ తర్వాతే ట్రయల్ ఊసు. 2024లో మొదలైన సివిల్ రూల్స్ రివ్యూ, అంటే ఈ నిబంధనల పునఃపరిశీలన, దీన్నే మార్చాలంటోంది. సాక్ష్యాలు, సాక్షుల వాంగ్మూలాలు మొదట్లోనే బయటపెట్టాలని, నోటిమాట డిస్కవరీ తీసేయాలని 2025 ఏప్రిల్‌లో వచ్చిన ప్రతిపాదన పత్రం చెప్పింది. చాలామంది లాయర్లు వ్యతిరేకించారు. నా వరకు నేను సాక్ష్యం ముందే పెట్టడాన్ని సమర్థిస్తాను. ఎదుటివాళ్ల దగ్గర ఏముందో మొదటి ఏడాదే తెలిస్తే సగం గొడవలు రాజీకి వస్తాయి. కానీ ఖర్చు కూడా మొదట్లోనే పడుతుంది. మా దగ్గరికి వచ్చే మామూలు ఉద్యోగులు అంత డబ్బు ఒక్కసారిగా తేలేరు. దానికి దారి చూపించకుండా కొత్త నిబంధనలు తేవడం అన్యాయం.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. సివిల్ ట్రయల్‌లో మీ సాక్షికి ఇంగ్లీషు రాకపోతే దుబాసీని తెచ్చుకునే బాధ్యత మీదే. కొడుకో అల్లుడో పక్కన కూర్చుని చెప్తే కుదరదు, సంబంధం లేని మనిషి కావాలి, ప్రమాణం చేయాలి. తక్కువ ఆదాయం వల్ల ఫీజు మినహాయింపు వచ్చినవాళ్లకు ప్రభుత్వమే ఏర్పాటు చేస్తుంది. కోర్టు పనికి సరిపడా తెలుగు దుబాసీలు అంత సులువుగా దొరకరు. అందుకే మా ఆఫీసులో తేదీ ఖాయమైన రోజే దుబాసీకి ఫోన్ చేస్తాం, సాక్షికి ఆ తర్వాత.