కెన్యాలో 12 రోజులు: దాచుకున్న బిల్లులు, విన్న మాటలు

బ్యాంకులో 33 ఏళ్లు పనిచేసిన అలవాటు, ఏ ఊరెళ్లినా బిల్లులు పారేయను. 2025 ఆగస్టులో నేనూ మా ఆయనా 12 రోజులు కెన్యా తిరిగొచ్చాం. హన్మకొండ చేరాక ఆ కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి లెక్క చూసుకుంటుంటే, ఒక్కో బిల్లు వెనక ఒక్కో మనిషి మాట గుర్తొచ్చింది. ఎక్కడ దిగితే బాగుంటుంది, ఏ బండి ఎక్కాలి అన్నవి ఎలాగూ చెబుతాను. ఆ ధరలు ఎందుకలా ఉన్నాయో అక్కడివాళ్లు చెప్పిన సంగతులు కూడా రాయకపోతే మాత్రం మనసొప్పదు.

నైరోబీలో మా మేనల్లుడు మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. నాలుగేళ్లుగా "అత్తా, ఒక్కసారి రండి" అని పిలుస్తూనే ఉన్నాడు. ఇన్నాళ్లకు కుదిరింది.

ముందు టీకా సంగతి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదులో అయితే నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు వెళ్లేటప్పటికన్నా వచ్చేటప్పుడే ఎక్కువ అవసరం. అది లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఇక కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసింది కానీ, ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తప్పదు. దాదాపు 30 డాలర్లు. ప్రభుత్వ సైటులోనే చేసుకోండి. నేను మొదట తెరిచిన ఒక ప్రైవేటు సైటు అదే పనికి మూడింతలు అడిగింది.

ఎయిర్‌పోర్టుకు మేనల్లుడు తనకు బాగా తెలిసిన టాక్సీ డ్రైవర్ని పంపాడు. విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము అతని సొంతూరు. నలభై ఏళ్లుంటాయి, నన్ను మొదటి నిమిషం నుంచే "మమా" అన్నాడు. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్లను అలాగే పిలుస్తారు. కారెక్కగానే అడిగాడు: "పైన పోదామా, కింద పోదామా?" పైన అంటే 2022లో తెరిచిన 27 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే, చైనా కంపెనీ కట్టి టోల్ వసూలు చేసుకుంటోంది. కింద అంటే మతాతూలు, బోడబోడాలు, ట్రాఫిక్. మతాతూ మన హైదరాబాదు సెట్విన్ మినీబస్సు లాంటిది, ఒళ్లంతా బొమ్మలతో, లోపల పెద్ద పాటతో. బోడబోడా అంటే బైక్ టాక్సీ, ఎక్కువగా మన బజాజ్ బాక్సరే. సాయంత్రం దిగితే టోల్ కట్టి పైనే వెళ్లండి, ఆ డబ్బు దండగ కాదు. మేం పైన వెళ్తుంటే కింద రోడ్డు పక్కన జనం బారులు తీరి నడుస్తూ కనిపించారు. బస్సు చార్జీ మిగుల్చుకోవడానికి ఫ్యాక్టరీల నుంచి ఇళ్లకు నడిచిపోతారని డ్రైవరు చెప్పాడు.

మేం దిగిన ఎయిర్‌పోర్టు గురించి కూడా అతనే ఎత్తాడు. దాన్ని అదానీ గ్రూపుకు 30 ఏళ్ల లీజుకు ఇవ్వాలన్న ప్రతిపాదన మీద 2024 సెప్టెంబరులో అక్కడి కార్మికులు సమ్మె చేశారు, నవంబరులో అధ్యక్షుడు రూటో దాన్ని రద్దు చేశారు. "మీ దేశం మీద మాకు కోపం లేదు మమా, మాకు చెప్పకుండా చేస్తేనే కోపం" అన్నాడు.

నైరోబీలో కిలిమాని అనే పేటలో సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మనలాంటి వాళ్లకు హోటల్ కన్నా ఇదే మేలు. వంటిల్లు ఉంటుంది, పొద్దున్నే ఉప్మా చేసుకోవచ్చు. నీళ్లు మాత్రం ట్యాంకరుతో వస్తాయి, ఒకపూట అవీ రాలేదు. కరెంటు ప్రీపెయిడ్. రెండో రాత్రి తొమ్మిదింటికి టప్పున చీకటైపోయింది. రిసెప్షన్ అమ్మాయి ఫోను లైటుతో పైకొచ్చి "పోలే సానా, మమా" అంది. చాలా బాధగా ఉంది, క్షమించండి అని అర్థమట. ఎవరికి ఏ చిన్న కష్టమొచ్చినా ముందు ఆ మాటే అంటారు. ఫోన్లో డబ్బు కట్టగానే 20 అంకెల టోకెన్ నంబరు వచ్చింది. ఆ అమ్మాయి లైటు పట్టుకుంటే నేను ఒక్కో అంకె పైకి చదివాను, మా ఆయన మీటరు మీద నొక్కారు. ఆఖరి అంకెతో ఇల్లంతా వెలిగింది.

ఆ తర్వాత ఆ అమ్మాయి రోజూ కాసేపు కూర్చుని మాట్లాడేది. కామర్స్ డిగ్రీ చేసింది. నేను బ్యాంకులో చేశానని తెలిసి ఒకరోజు తన జీతం చీటీ తెచ్చి చూపించింది. ప్రభుత్వ ఇళ్ల పథకం కోసం 1.5 శాతం, 2024 అక్టోబరులో మొదలైన కొత్త ఆరోగ్య బీమాకు 2.75 శాతం, ఆపైన ఆదాయ పన్ను, పింఛను కోత. మొత్తం జీతానికీ చేతికొచ్చేదానికీ మధ్య గీతల మీద వేలు పెట్టి "ఇది నా తమ్ముడి ఫీజు, ఇది మా అమ్మ మందులు" అని చూపిస్తూ పోయింది. నేను ఎన్ని వేల జీతం చీటీలు చూసి లోన్లు ఇచ్చానో. అలా చదివినవాళ్లు మాత్రం నాకు ఎప్పుడూ తగల్లేదు.

2024 జూన్ 25న తనూ వీధిలోనే ఉందట. ఆ ఏడాది ఫైనాన్స్ బిల్లులో బ్రెడ్డు మీద 16 శాతం వ్యాట్, వంటనూనె మీద సుంకం, కార్ల మీద ఏటేటా 2.5 శాతం పన్ను ప్రతిపాదించారు. పార్టీలూ నాయకులూ లేకుండా కుర్రకారు ఫోన్లలోనే కూడగట్టుకుని రోడ్డెక్కారు. ఆ రోజు పార్లమెంటులోకి దూసుకెళ్లారు, పోలీసులు కాల్పులు జరిపారు. మర్నాడు ఆ బిల్లు మీద సంతకం పెట్టనని రూటో ప్రకటించారు. ఆ నిరసనల్లో కనీసం 60 మంది చనిపోయారని అక్కడి మానవ హక్కుల కమిషన్ లెక్క తేల్చింది. ఏడాది తిరిగాక 2025 జూన్ 25, జులై 7న మళ్లీ వీధుల్లో ప్రాణాలు పోయాయి. మేం వెళ్లింది ఆ తర్వాత నెలకే. అందుకే చెబుతున్నాను, టికెట్లు కొనే ముందు ఈ తారీఖులు చూసుకోండి. ఆ రోజుల్లో నగరం నడిబొడ్డుకు దారులన్నీ మూసేస్తారు. మామూలు రోజుల్లో మాకు ఎక్కడా భయం అనిపించలేదు. రోడ్డు మీద నిలబడి ఫోను బయటికి తీయకుండా ఉంటే చాలు.

ఈ పన్నుల వెనక పెద్ద కారణం అప్పులు. కెన్యా 2014లో బాండు అమ్మి తెచ్చిన 200 కోట్ల డాలర్ల అప్పు 2024 జూన్‌లో తీర్చాల్సి వచ్చింది. అది తీర్చడానికి ఫిబ్రవరిలో 9.75 శాతం వడ్డీకి ఇంకో బాండు అమ్మారు. ఇంటి లోను తీర్చడానికి బంగారం కుదువ పెట్టే కుటుంబాలను కౌంటరు ఇవతల కూర్చుని చూసినదాన్ని, నాకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. జాంబియా 2020లో, ఘనా 2022లో, ఇథియోపియా 2023లో అప్పు కట్టలేమని చేతులెత్తేశాయి. కెన్యా ఎత్తలేదు, ఆ బరువు ఆ అమ్మాయి జీతం చీటీ మీద పడింది. ఖండమంతా కుర్రవాళ్లదే, కెన్యాలో దాదాపు సగం మంది 20 ఏళ్ల లోపు వాళ్లే. మేం వచ్చేశాక అక్టోబరులో మడగాస్కర్‌లో ఏకంగా అధ్యక్షుడే దిగిపోవాల్సి వచ్చిందని చదివి, ముందు ఆ పిల్లే గుర్తొచ్చింది.

డబ్బు చెల్లించడం దగ్గరికొస్తే, దిగగానే పాస్‌పోర్టు చూపించి సిమ్ కొని ఎం-పెసా పెట్టించుకోండి. 2007లో మొదలైంది, మన యూపీఐ కంటే చాలా ముందు. టమాటాలమ్మే ఆవిడ దగ్గర కూడా నంబరు ఉంటుంది. అయితే అది బ్యాంకు కాదు, ఫోను కంపెనీ పెట్టిన పర్సు. మరీ చిన్న మొత్తాలకు తప్ప పంపిన ప్రతిసారీ చార్జీ, ఆ చార్జీ మీద 15 శాతం సుంకం. మనం ఉచితంగా వాడేస్తున్నది ఎంత పెద్ద సదుపాయమో అక్కడే తెలిసొచ్చింది.

పెసా అంటే పైసానే. అది మొదలు నాకు మాటలు ఏరుకోవడం సరదా అయిపోయింది. కొట్టును దుకా అంటారు, మన దుకాణమే. ప్రభుత్వాన్ని సెరికాలి అంటారు, మన సర్కారే. మందు దవా, లాయరు వకీలి, బీమా బీమానే, రంగు రంగీ. హిందూ మహాసముద్రం మీద వ్యాపారులు అటూ ఇటూ మోసుకెళ్లిన మాటలు ఇవన్నీ. ఆసుపత్రిని దవాఖానా అని పిలిచే ఊరి నుంచి వెళ్లినదానికి పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించలేదు.

శాకాహారులు తిండి గురించి టెన్షన్ పడక్కర్లేదు. డెంగు అంటే పెసలు, కొబ్బరిపాలతో వండి చపాతీతో ఇస్తారు. ఉగాలి తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు, మా ఇంట్లో జొన్న గటక కన్నా గట్టిగా ఉంటుంది. దాని పక్కన సుకుమా వికీ అనే ఆకుకూర. ఆ పేరుకు 'వారాన్ని నెట్టు' అని అర్థం. జీతం వచ్చేదాకా వారం నెట్టుకురావడానికి చవగ్గా దొరికే కూర అది. మన వంటలే కావాలంటే నైరోబీలో పార్క్‌లాండ్స్ పేట వైపు వెళ్లండి.

సఫారీకి పేరున్న మసాయి మారా అభయారణ్యానికి వెళ్లలేదు. జులై నుంచి డిసెంబరు దాకా విదేశీయులకు మనిషికి రోజుకు 200 డాలర్ల ప్రవేశ రుసుము, జూన్ దాకా 100. వలస వెళ్లే అడవి జంతువుల మందలు నది దాటేది ఈ నెలల్లోనే కాబట్టి ధర రెట్టింపు. బస, జీపు కలిపితే మాకు మించిపోయింది. పైగా మేం అడిగిన ఒక టూర్ ఆపరేటర్ ఈ రుసుము కలపకుండా ప్యాకేజీ చెప్పి, అడ్వాన్సు తీసుకునేటప్పుడు బయటపెట్టాడు. మీరు అడిగే మొదటి ప్రశ్న అదే కావాలి.

దానికి బదులు నైరోబీకి రెండు గంటల దూరంలోని నైవాషా సరస్సుకు వెళ్లాం, ఈ యాత్రలో నాకు బాగా నచ్చింది అదే. హెల్స్ గేట్ పార్కులో గేటు దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు. అరవై దాటిన నేను జీబ్రాల పక్కన సైకిలు తొక్కాను! వాన సూచన ఉంటే మాత్రం లోయలోకి దిగొద్దు, 2019లో అక్కడ హఠాత్తుగా వరదొచ్చి ఏడుగురు కొట్టుకుపోయారు. పార్కు దాటగానే ఒల్కారియా. భూమిలోంచి ఆవిరి తోడి కరెంటు తీస్తారు, దేశం కరెంటులో దాదాపు 40 శాతం ఇలా వచ్చేదే. సరస్సు ఒడ్డున టెంట్లు వేసిన బసలో ఉన్నాం. శుభ్రంగా ఉంది, రాత్రి నీటిగుర్రాలు రాకుండా కంచె ఉంది. పొద్దున లేచి చూస్తే నీళ్లలో నిలబడి ఎండిపోయిన తుమ్మజాతి చెట్లు. కొన్నేళ్లుగా సరస్సు పొంగి ఒడ్డును మింగేస్తోందట. సాయంత్రం గులాబీ తోటల నుంచి బస్సుల నిండా ఆడవాళ్లు దిగారు. వాళ్లు కోసిన పూలు యూరప్‌కు విమానంలో వెళ్తాయి.

నైరోబీ నుంచి మొంబాసాకు రైలు తప్పకుండా ఎక్కండి. 2017లో చైనా అప్పుతో, చైనా కంపెనీ కట్టింది, ప్రయాణం సుమారు అయిదు గంటలు. ఎకానమీ 1,500 షిల్లింగులు, అంటే మన వెయ్యి రూపాయలు. ఫస్ట్ క్లాసు 4,500. ఎకానమీలో ఎదురెదురు సీట్లు, మోకాళ్లు తగులుతాయి. మోకాళ్ల నొప్పులుంటే ఫస్ట్ క్లాసే తీసుకోండి. స్టేషన్లు ఊరికి దూరం, పెట్టెలన్నీ నేల మీద వరసగా పెట్టించి కుక్కలతో వాసన చూపిస్తారు, గంట ముందే చేరాలి. కిటికీలోంచి త్సావో పార్కులో ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు కనిపించాయి. దగ్గర్లోనే పాత పట్టాలు. 1896 నుంచి 1901 దాకా ఆ దారి వేయడానికి మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబు నుంచి, సుమారు 32,000 మందిని తెచ్చారు. దాదాపు 2,500 మంది అక్కడే పోయారు. మా ఆయన ఆ పట్టాలు కనిపించినంతసేపూ మాట్లాడలేదు. అక్కడ స్థిరపడిన భారత సంతతిని 2017లో దేశపు 44వ తెగగా గుర్తించారు.

మొంబాసా ఉక్క మన విశాఖలాగే. పాతబస్తీ, పోర్చుగీసువాళ్లు కట్టిన ఫోర్ట్ జీసస్ ఒక్కపూటలో చూడొచ్చు, ఊళ్లో తిరగడానికి ఆటోలున్నాయి. మేం దిగిన బీచ్ హోటల్ ఖరీదు ఎక్కువ, పని తక్కువ: ఏసీ రెండు రాత్రులూ మొరాయించింది. పాతబస్తీలో చిన్న గెస్ట్‌హౌస్‌లు చూశాం, మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాం.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు దారిలో మా డ్రైవరు 2027 ఎన్నికల గురించి చెప్పాడు. కిసుము వైపు జనం ప్రతిపక్ష నాయకుడు రైలా ఒడింగాను బాబా అంటారు. ఆయన రూటోతో చేయి కలిపినందుకు ఇతనికి కష్టంగానే ఉంది, అయినా ఆ పేరు పలికినప్పుడు గొంతు మారింది.

అక్టోబరు 15న ఫోనుకు మెసేజ్ వచ్చింది: "మమా, బాబా మీ దేశంలో చనిపోయారు." వైద్యానికి కేరళ వచ్చిన ఒడింగా ఆ పొద్దున్నే కూత్తాట్టుకుళంలో పోయారని అప్పుడే టీవీలో చెబుతున్నారు. అది మీ ఊరికి ఎంత దూరమని అడిగాడు. వెయ్యి కిలోమీటర్ల పైనే అని రాశాను. "మాకన్నా మీరే దగ్గర" అన్నాడు. ఏం రాయాలో తోచక, ఆ చీకటి రాత్రి నేర్చుకున్న మాటే రాశాను: పోలే సానా.