గ్వాడెలూప్‌లో పది రోజులు: బీచ్ వైపు కాదు, కొండ వైపు ఉండండి

పారిస్ ఓర్లీలో విమానం ఎక్కి, ఎనిమిది గంటలకు పైగా అట్లాంటిక్ మీద ఎగిరి, చివరికి మళ్లీ ఫ్రాన్స్‌లోనే దిగాం. అవే యూరోలు, అదే పసుపు రంగు పోస్టాఫీసు, పోలీసులకు అదే యూనిఫాం. కరీబియన్ సముద్రంలో ఉన్న గ్వాడెలూప్ 1946 నుంచి ఫ్రాన్స్‌లో ఒక డిపార్ట్‌మెంట్, అంటే మన జిల్లా లాంటిది. పారిస్ పార్లమెంటుకు ఇక్కడి నుంచి నలుగురు డిప్యూటీలు వెళ్తారు. అయినా ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మామూలు షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు, అప్లికేషన్‌లోనే ఈ దీవి పేరు చెప్పి అడగాలి. మాకు ఫ్రెంచ్ రెసిడెన్స్ కార్డు ఉండటంతో ఆ టెన్షన్ లేకపోయింది.

మ్యాపులో దీవి సీతాకోకచిలుకలా ఉంటుంది. కుడి రెక్క గ్రాండ్-తేర్: చదునైన నేల, చెరకు తోటలు, తెల్లటి ఇసుక. ఎడమ రెక్క బాస్-తేర్: అడవి, వాగులు, అగ్నిపర్వతం. టూరిస్టుల్లో ఎక్కువ మంది కుడి రెక్క మీదే ఉండిపోతారు. మేమూ మొదటి నాలుగు రాత్రులకు గోజియేలో బీచ్ పక్కన హోటల్ తీసుకున్నాం. గది బాగుంది, సముద్రం ఇంకా బాగుంది. కానీ రెండో రోజు పొద్దున్నే కుళాయి ఎండిపోయింది. మధ్యాహ్నం దాకా చుక్క రాలేదు. ముందుగా చెప్పిన మనిషి లేడు, గదిలో బకెట్ కూడా లేదు. రిసెప్షన్‌లో అడిగితే, ఊరంతా ఇంతే అన్నారు.

ఆ మాట మాత్రం నిజమే. కొండ వైపు కుండపోత వానలు పడే దీవి ఇది. అయినా పాత పైపుల లీకేజీలోనే సగానికి పైగా నీళ్లు పోతాయి. ఏ రోజు ఏ పేటకు నీళ్లు ఆపుతారో జాబితా వేసి చెప్పే పద్ధతి కూడా ఉంది. ఇక సూపర్ మార్కెట్‌కి వెళ్తే తిండి సామాను ధరలు ఫ్రాన్స్ కంటే 40 శాతం పైనే ఎక్కువ. 2009లో ధరల మీద, జీతాల మీద దీవి మొత్తం 44 రోజులు సమ్మె చేసింది ఊరికే కాదు. ఇక్కడి రాజకీయం అర్థం కావాలంటే కుళాయినీ, కొట్టు బిల్లునీ చూస్తే చాలు.

ప్వాంత్-ఆ-పీత్ర్ ఊళ్లో ఒక పూట మొత్తం మెమోరియల్ ఆక్త్‌కి ఇవ్వండి. బానిసత్వ చరిత్ర మీద 2015లో తెరిచిన మ్యూజియం ఇది. దార్బూసియే అనే పాత చక్కెర ఫ్యాక్టరీ స్థలంలోనే కట్టారు. గంటలో చూసేద్దామనుకుని వెళ్లకండి, మాకు మూడు గంటలు పట్టింది. బయటికొచ్చి విక్టరీ చౌక్ వైపు నడిస్తే 1967 మే గుర్తొస్తుంది. రెండున్నర శాతం జీతం పెంచమని అడిగిన భవన నిర్మాణ కూలీల సమ్మె మీద ఇక్కడే కాల్పులు జరిపారు. అధికారులు చెప్పిన చావుల లెక్క 8. 1985లో ఒక మంత్రి నోటి నుంచి వచ్చిన లెక్క 87. నీడనిచ్చే చెట్లు, బెంచీల మీద కబుర్లు చెప్పుకునే ముసలివాళ్లు, పక్కనే పడవల రేవు. అలాంటి చోట ఆ అంకెలు తలుచుకుంటే కాసేపు నోట మాట రాలేదు.

ఐదో రోజు అద్దె కారులో ఎడమ రెక్కకు మారాం. కారు లేకుండా ఈ దీవికి రావద్దని గట్టిగా చెబుతాను. బస్సులున్నాయి కానీ ఆదివారం వాటి మీద ఆశ పెట్టుకోలేం. కాపెస్తేర్ అనే ఊరి పైభాగంలో ఒక పెద్దావిడ తన ఇంటి వెనక రెండు గదులు అద్దెకిస్తుంది. దాన్ని ఇక్కడ జీత్ అంటారు. ఏసీ లేదు, ఫ్యాను, దోమతెర ఉన్నాయి. ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంది. గోజియే హోటల్లో సగం ధరకి, నా లెక్కలో రెట్టింపు విలువైన బస.

ఆవిడ పూర్వీకులు మన వైపు నుంచే వచ్చారు. 1848లో బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. 1854 డిసెంబరు 24న ఒరేలి అనే ఓడ మొదటి విడత భారతీయుల్ని దింపింది. 1889 వరకు 42 వేల మందికి పైగా వచ్చారు. చాలామంది పుదుచ్చేరి, కారైకాల్ రేవుల్లో ఓడ ఎక్కినవాళ్లు, తమిళులే ఎక్కువ. ఐదేళ్ల కాంట్రాక్టని వచ్చి, చాలామంది తిరిగి వెళ్లలేకపోయారు. ఊళ్లో తపాలా పెట్టెల మీద పేర్లు చదువుతూ నడిచాను. ఫ్రెంచి స్పెల్లింగులో విరస్సమీ, రమస్సమీ, ముతుస్సమీ. వీరాస్వామి, రామస్వామి, ముత్తుస్వామి!

ఈ ఊరివాడే ఆన్రీ సిదాంబరోం, అంటే చిదంబరం. 1863లో పుట్టాడు. ఇక్కడే పుట్టి పెరిగిన భారతీయుల పిల్లల్ని పరాయివాళ్లంటూ ఓటు ఇవ్వకపోతే, 1904లో కోర్టుకెక్కాడు. 1923లో గెలిచాడు. పంతొమ్మిదేళ్లు! ఫ్రాన్స్‌లో కార్డు రెన్యువల్ కోసం లైన్లో నిలబడే ప్రతి తెలుగువాడికీ ఈ మనిషి పేరు తెలియాలని నా కోరిక.

పెద్దరోడ్డు పక్కనే షాంజీ గుడి. రంగు రంగుల గోపురం కనిపించగానే మా ఆవిడ కారు ఆపించింది. ఇక్కడి భారతీయులు ఎక్కువగా కొలిచేది మాలియెమిన్‌ను, అంటే మన మారెమ్మనే. మొక్కు తీరితే మేకపోతును బలిస్తారట. తమిళ పాటల్ని ఫ్రెంచి అక్షరాల్లో నోటు పుస్తకాల్లో రాసుకుని పాడతారని మా ఇంటావిడ చెప్పింది. అర్థం తెలియదు, కానీ ఒక్క మాట కూడా మార్చరట. ఆ రాత్రి ఆవిడ కొలొంబో వండింది. పసుపు, ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మెంతులు కలిపి చేసిన పొడితో మేకమాంసం కూర, పక్కన అన్నం. కారం తక్కువ. వాసన మాత్రం మా అమ్మమ్మ ఇంటిదే. ఇది ఇప్పుడు భారతీయులది మాత్రమే కాదు, దీవి మొత్తానికీ పండగ కూర. ఆడవాళ్లు తలకు చుట్టుకునే గళ్ల గుడ్డ పేరు కూడా మద్రాస్. మన చీరాల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు మద్రాసు పేరుతోనే ఆఫ్రికా తీరానికి వెళ్లేవని చెబితే, ఆవిడ తన తలగుడ్డ విప్పి అంచు తిప్పి తిప్పి చూసింది.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఊరి చుట్టూ అరటి తోటలే. వాటిలో 1993 దాకా క్లోర్‌డెకోన్ అనే పురుగుమందు వాడారు. అది మట్టిలోంచి పోదు. రోడ్డు పక్క దుంపలు, వాగు చేపలు ఎక్కడివో అడగకుండా కొనొద్దని ఆవిడే హెచ్చరించింది. తన పెరట్లో దుంపలు వేయడం ఎప్పుడో మానేసిందట.

బాస్-తేర్ పట్టణంలో ఫోర్ట్ దెల్‌గ్రెస్ తప్పకుండా చూడండి. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1794లో బానిసత్వం రద్దు చేస్తే, 1802లో నెపోలియన్ దాన్ని తిరిగి తేవడానికి జనరల్ రిష్‌పాన్స్‌ను సైన్యంతో పంపాడు. సైనికాధికారి లూయీ దెల్‌గ్రెస్ ఎదురు తిరిగాడు. కోట నిలవదని తెలిశాక కొండ మీది మతూబాకు వెళ్లి, మే 28న సుమారు 300 మందితో కలిసి మందుగుండు పేల్చుకుని ప్రాణాలిచ్చాడు. రిష్‌పాన్స్ అదే ఏడాది పచ్చజ్వరంతో పోయాడు. అతని సమాధి ఈ కోటలోనే ఉంది. కోటకు కూడా చాలాకాలం అతని పేరే. 1989లో మార్చి దెల్‌గ్రెస్ పేరు పెట్టారు. గెలిచినవాడి సమాధి, ఓడినవాడి పేరున్న గోడల మధ్య ఉంది. ఆ రాయి దగ్గర మేం తప్ప ఎవరూ లేరు. ఫ్రాన్స్ తన మహనీయుల్ని స్మరించుకునే పారిస్ పాంథియోన్‌లో దెల్‌గ్రెస్ పేరుతో ఉన్న ఫలకం ముందు నుంచి ఇదివరకు రెండుసార్లు నడిచి వెళ్లాను, ఆగలేదు.

మిగతావి క్లుప్తంగా. సూఫ్రియేర్ అగ్నిపర్వతం 1,467 మీటర్లు, బాగా పొద్దున్నే బయల్దేరితే మంచిది. మేం శిఖరం చేరేసరికి గంధకం వాసన, పొగమంచు తప్ప ఏమీ లేదు. కార్బే జలపాతాల్లో రెండోదానికి నడక సులువు, పిల్లలతో వెళ్లొచ్చు. త్రువా-రివియేర్ నుంచి లే సాంత్ దీవులకు పడవ చక్కగా టైముకి నడిచింది. అక్కడి ఫోర్ట్ నెపోలియన్ మధ్యాహ్నానికల్లా మూసేస్తారు కాబట్టి పడవ దిగగానే ముందు అక్కడికే వెళ్లండి. కొబ్బరి పెట్టిన చిన్న కేకులు రేవులోనే అమ్ముతారు.

మళ్లీ వెళ్తే మే 27కు వెళ్తాం. దీవిలో బానిసత్వం రద్దయిన రోజది, సెలవు. ఆ రోజు గ్వో-కా డప్పులు ఊరూరా మోగుతాయని, గదులు ముందే నిండిపోతాయని చెబుతూ, వచ్చే ఏడాదికి మా పేరు పెద్దావిడ అప్పుడే క్యాలెండర్‌లో రాసేసుకుంది.