65 వాట్ల ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ అంటగడుతున్నారు, డబ్బు కట్టే ముందు చూసుకోండి

ఇప్పుడు పీసీ అసెంబ్లీ కొటేషన్ ఏది చూసినా "240 ఎంఎం ఏఐఓ, ఆర్‌జీబీ" అని ఒక లైను ఉంటోంది. ఏఐఓ అంటే పంపు, గొట్టాలు, రేడియేటర్ అన్నీ కలిపి సీలు చేసి అమ్మే లిక్విడ్ కూలర్, 240 ఎంఎం దాని రేడియేటర్ సైజు, ఆర్‌జీబీ అంటే రంగు లైట్లు. పైన ప్రాసెసర్ చూస్తే రైజెన్ 5 7600. దాని టీడీపీ (కూలర్ తీయాల్సిన వేడికి కంపెనీ ఇచ్చే అంకె) 65 వాట్లు, డీఫాల్ట్ సెట్టింగుల్లో అది తీసుకునే గరిష్ఠ పవరే 88 వాట్లు. డబ్బాలోనే ఫ్యాన్ కూలర్ వస్తుంది. ఆ చప్పుడు నచ్చకపోతే నాలుగు హీట్‌పైపుల సింగిల్ టవర్ ఎయిర్ కూలర్ ధారాళంగా సరిపోతుంది. లిక్విడ్‌కి పోసే డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెడితే గేముల్లో కనిపిస్తుంది.

"మన ఎండలకి ఎయిర్ కూలర్ ఆగదండీ" అంటారు కౌంటర్లో. నమ్మకండి. లిక్విడ్ కూలరైనా వేడిని చివరికి గది గాలిలోకే వదలాలి. మే నెలలో గది 40 డిగ్రీలుంటే రేడియేటర్‌లోకి వెళ్ళేదీ ఆ 40 డిగ్రీల గాలే. ముందంతా అద్దంతో మూసేసిన క్యాబినెట్ కొని అందులో ఏ కూలర్ పెట్టినా ఉక్కపోతే. ముందు జాలీ ఉన్న క్యాబినెట్ చూసుకోండి, సగం సమస్య అక్కడే తీరుతుంది.

లిక్విడ్ దండగని కాదు. ఇంటెల్ ఐ9-14900కె లాంటి ప్రాసెసర్లు 253 వాట్ల దాకా లాగుతాయి. వాటి మీద గంటల తరబడి రెండరింగ్ చేసేవాళ్ళకి 360 ఎంఎం కావాలి. రైజెన్ 7 7800ఎక్స్3డికి మాత్రం అక్కర్లేదు. కాగితం మీద 120 వాట్లని ఉన్నా గేముల్లో అంత లాగదు, డబుల్ టవర్ ఎయిర్ కూలర్ చాలు.

అసలు చిక్కు ఆయుష్షు దగ్గర. ఎయిర్ కూలర్‌లో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే, కొత్తది బిగిస్తే అయిపోతుంది. ఏఐఓలో లీకు లేకపోయినా రబ్బరు గొట్టాల గోడల్లోంచి నీరు కొద్దికొద్దిగా ఆవిరైపోతూనే ఉంటుంది. తగ్గిన చోట గాలి చేరుతుంది. పైగా చాలావాటిలో రేడియేటర్ అల్యూమినియం, కోల్డ్ ప్లేట్ (ప్రాసెసర్ మీద ఆనే పలక) రాగి. లోపలి ద్రవంలో కలిపిన మందు పనిచేయకపోతే తుప్పు మొదలై, మడ్డి వచ్చి ప్లేటు సన్నటి సందుల్లో పేరుకుంటుంది. పేరున్న కంపెనీలకీ ఇది తప్పలేదు: 2021లో ఎంఎస్‌ఐ కోర్‌లిక్విడ్ మోడళ్ళు కొన్నిటిలో మడ్డి సమస్య బయటపడింది, 2022లో ఆర్కిటిక్ తన లిక్విడ్ ఫ్రీజర్ 2 గాస్కెట్ (లీకు ఆపే రబ్బరు) మార్చుకోవడానికి ఉచితంగా కిట్లు పంపింది. పేరే తెలియని బ్రాండైతే కిట్ పంపేదెవరు?

మడ్డి పట్టిందో లేదో పంపు ఆర్‌పీఎం చూసి చెప్పలేం, అది మామూలుగానే చూపిస్తుంది. ప్రాసెసర్ లోడ్ ఎక్కిన కొన్ని సెకన్లకే 90 డిగ్రీలు దాటి, ఒక గొట్టం వేడిగా, రెండోది చల్లగా, రేడియేటర్ కూడా చల్లగా ఉంటే నీరు తిరగట్లేదని అర్థం. ప్రాసెసర్‌కీ ప్లేటుకీ మధ్య రాసే పేస్ట్ మార్చినా ప్రయోజనం లేదు.

సరే, లిక్విడే కావాలనుకున్నారు. డబ్బా మీద తయారీ తేదీ చూడండి. ఆయుష్షు ఫ్యాక్టరీ నుంచే లెక్క, రెండు మూడేళ్ళు గోడౌన్లో పడున్న పాత స్టాకు డిస్కౌంట్‌కిచ్చినా వద్దు. సెకండ్‌హ్యాండ్ అసలే వద్దు. పాత డబ్బాల్లో ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌కి (మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) బ్రాకెట్ ఉండదు: దానికి ముందటి 1200 సాకెట్‌లో రంధ్రాల మధ్య 75 మిల్లీమీటర్లు, 1700లో 78. ఎత్తులోనూ తేడా ఉంది కాబట్టి "అడ్జస్ట్ చేసి బిగిస్తాం" అంటే ఒప్పుకోకండి, ప్లేటు సరిగా ఆనదు. ఏఎండీ ఏఎం5 సాకెట్‌లో వెనక ప్లేటు మదర్‌బోర్డుకే ఉంటుంది, సొంత బ్యాక్‌ప్లేట్‌తో వచ్చే పాత కూలర్లు కొన్ని దానికి పట్టవు. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. లీకై గ్రాఫిక్స్ కార్డు పోతే వారంటీ కట్టిస్తుందా, కూలర్ ఒక్కటే మారుస్తుందా అన్నది బిల్లు కట్టకముందే అడిగి రాతలో తీసుకోండి.

బిగించేటప్పుడు రేడియేటర్ పైకప్పుకి ఉంటే మేలు. ముందువైపైతే రేడియేటర్ పైఅంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. పంపే అన్నిటికన్నా పైన ఉంటే గాలి బుడగలన్నీ దాంట్లోకే చేరి గరగరమంటుంది, త్వరగా పోతుంది. పంపు వైరు మదర్‌బోర్డు మీది పంప్ హెడర్ పిన్నులకి పెట్టి బయోస్‌లో ఫుల్ స్పీడ్‌లో ఉంచండి. ప్లేటు మీది ప్లాస్టిక్ పొర తీశారా అని మీ కళ్ళతో చూసుకోండి, నవ్వొచ్చే విషయమే కానీ జరుగుతూనే ఉంటుంది.

ఎయిర్ కూలర్‌కీ కొలతలున్నాయి. నాక్చువా ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165 మిల్లీమీటర్లు, ఫ్యాన్లతో బరువు 1.3 కిలోలు. క్యాబినెట్ స్పెసిఫికేషన్లో కూలర్ ఎత్తు పరిమితి చూడండి, ర్యామ్ స్టిక్ ఎత్తు కూడా. సికింద్రాబాద్‌లో కట్టించి వైజాగ్‌కి పార్శిల్ వేయించేవాళ్ళు ఇంత బరువు టవర్‌ని విప్పి విడిగా ప్యాక్ చేయించండి, లేకపోతే దారిలో కుదుపులకి బోర్డు వంగుతుంది.

మిషన్ తీసుకునే ముందు షాపులోనే సినీబెంచ్ (ప్రాసెసర్‌ని ఫుల్ లోడ్‌లో పరీక్షించే ప్రోగ్రామ్) 30 నిమిషాలు నడిపించి, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి టెంపరేచర్ చూడండి. ఏసీ గదిలో చూసిన అంకెకి మీ ఇంటి వేడి తేడా కలుపుకోండి.