మా సంఘంలో తెలుగు హెడ్‌ఫోన్: ఏడు నెలల తర్వాత

వలస వచ్చిన దేశంలో అక్కడి భాషలోనే జరిగే ఆరాధనకు వెళ్తాం. అమ్మలాంటివాళ్ల కోసం సంఘం హెడ్‌ఫోన్‌లో తెలుగు అనువాదం పెట్టింది. తలుపు దగ్గర చిన్న రిసీవర్ ఇస్తారు. వెనక గదిలో కూర్చున్న అమ్మాయి ప్రసంగాన్ని వెంటవెంటనే తెలుగులో చెబుతుంది. మాట స్పష్టంగా వినిపిస్తుంది. అంతకుముందు అమ్మ గంటన్నర నా ముఖం చూస్తూ కూర్చునేది. ఇప్పుడు నాకంటే ముందే ఆమేన్ అంటోంది.

మొదట్లో ఇబ్బంది పడ్డాం. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, ఇంటి తెలుగే గానీ బైబిల్ తెలుగు రాదు. కృపను 'జాలి' అనేది, నీతిమంతుణ్ణి 'మంచోడు' అనేది. అమ్మ తన బైబిల్ పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు పాస్టర్ గారు శుక్రవారమే వాక్యభాగం పంపుతారు, శనివారం వీళ్లిద్దరూ ఫోన్‌లో చదువుకుంటారు. "అమ్మమ్మా, శాంతికరం అంటే ఏంటి?" అని ఆ పిల్ల అడుగుతుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

పాటలకు అనువాదం లేదు. అంతకంటే పెద్ద లోటు, ఇది ఒకవైపే పనిచేస్తుంది. ఒక ఆదివారం సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, చెప్పడానికి అమ్మ లేచి నిలబడింది. ఆమె మాటలు అందరికీ ఎవరు చెప్పాలో తెలియక కూర్చోమన్నారు. ఇంటికొచ్చేదాకా అమ్మ నోరు విప్పలేదు.

తెలుగు సంఘానికి మారిపోదామన్నాను. అలాంటివీ అవసరమే. కాథలిక్ సంఘపు 1983 కానన్ చట్టంలోనూ భాషను బట్టి విచారణ (పారిష్) ఏర్పాటు చేసే వీలుంది. అమ్మ ఒప్పుకోలేదు. మనవలు ప్రార్థన నేర్చుకున్నది ఈ భాషలోనే, వాళ్లను వదిలి వేరే చోట కూర్చోనంది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీసి నా ముందు పెట్టింది. రోజువారీ పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లను పట్టించుకోవడం లేదని సణుగుడు వచ్చినప్పుడు ఏడుగురిని ఎన్నుకున్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... అన్నీ గ్రీకు పేర్లే. మా సంఘ పెద్దల్లో మాత్రం వలస వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఈ హెడ్‌ఫోన్ గురించి కూడా మమ్మల్ని అడక్కుండానే నిర్ణయించారు.

కొత్తగా వచ్చిన కుటుంబాలు తప్పకుండా వాడండి. నేను పెద్దలకు ఉత్తరం రాశాను: వచ్చే సాక్ష్యాల ఆదివారం ఆ అమ్మాయిని వెనక గది నుంచి పిలిచి అమ్మ పక్కన నిలబెట్టండి, ఇంకో మైకు చాలు.