‘లేట్’ అని ఒప్పుకునే పేజీ: పదిహేనేళ్ల చందా తర్వాత

మా ఇంటికి పదిహేనేళ్లుగా వస్తున్న పేపర్ గురించి రాయమంటే నేను ఒక్క మాట గురించే రాస్తాను. స్పోర్ట్స్ పేజీలో స్కోర్ల పట్టీ ఉంటుంది. అచ్చుకి వెళ్లే టైముకి ఏ ఆట ఇంకా తేలలేదో, దాని ఎదురుగా చిన్న అక్షరాల్లో ‘లేట్’ అని వేసేవాళ్లు. అంతే. మొదట్లో ఆ మాట చూస్తే ఒళ్లు మండేది. పోనుపోను ఆ పేపర్ మొత్తంలో నేను నమ్మేది ఆ మాటనే అనే దాకా వచ్చింది. దాన్ని ఈమధ్య తీసేశారు.

పేపర్ పేరు చెప్పను. మంచులో కూడా తెల్లవారుజామున కారేసుకొచ్చి మా డ్రైవ్‌వే మీద దాన్ని విసిరిపోయే మనిషితో నాకు ఏ గొడవా లేదు. మేం ఉండేది వర్జీనియాలో, వాషింగ్టన్‌కి పడమరగా. చందా కట్టింది 2010 జూన్‌లో. ఆ నెల 8న స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే కుర్రాడు వాషింగ్టన్ బేస్‌బాల్ టీమ్ నేషనల్స్ తరఫున మొదటి ఆట ఆడి, బంతులేసి 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైకులతో అవుట్ చేశాడు. మర్నాడు పేపర్ కొందామని మూడు గ్యాస్ స్టేషన్లు తిరిగాను, ఎక్కడా ఒక్క కాపీ లేదు. 1971లో సెనేటర్స్ టీమ్ టెక్సాస్ వెళ్లిపోయాక 2005లో నేషనల్స్ వచ్చేదాకా ఈ ఊరికి టీమే లేదు. ఆ ఆకలి అప్పటికింకా తీరలేదు. ఆ వారమే చందా కట్టేశాను.

‘లేట్’ మీద కోపం ఎందుకంటే, నేషనల్స్ పడమటి తీరానికి వెళ్తే ఆట మనకి రాత్రి పదింటికి మొదలవుతుంది. దూరపు శివార్లకి వచ్చే కాపీ ముందుగా అచ్చవుతుంది కాబట్టి, శాన్‌డియేగోలో గెలిచామో ఓడామో మా కాపీకి ఎప్పుడూ తెలియదు. ‘ఫోన్లో చూసుకోవచ్చుగా’ అంటుంది మా ఆవిడ. చూసుకుంటాను. చూసుకున్నాక కూడా పొద్దున కాఫీతో బాక్స్ స్కోరు, అంటే ఆటగాళ్లందరి లెక్కల పట్టిక, చదవాలనిపించడం వేరే జబ్బు. తెనాలిలో పెరిగినవాడికి ఇదేం కొత్తా? షార్జాలో డే నైట్ మ్యాచ్ ఉంటే మర్నాడు మా పేపర్లో ‘కడపటి వార్తలందేసరికి’ అని ఒక స్కోరు ఉండేది. 1998 ఏప్రిల్‌లో ఇసుక తుపాను వచ్చి ఆట ఆగిపోయిందే, ఆ మ్యాచ్ సంగతి బస్టాండు దగ్గర విన్నదే గానీ మా ఇంటి పేపర్లో చదివింది కాదు.

ఇక 2012 సంగతి చెప్పాలి. అక్టోబర్ 3న మధ్యాహ్నం, లీగ్ దశ ఆఖరి ఆట రోజు, మా స్టేడియంలో ఒక వింత జరిగింది. ప్రతి ఆటలోనూ నాలుగో ఇన్నింగ్స్‌కి (బేస్‌బాల్ ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్) నలుగురు అధ్యక్షుల పెద్ద తలకాయల బొమ్మలు వేసుకుని మనుషులు పరిగెడతారు. 2006 నుంచి ఒక్కసారి కూడా గెలవని టెడ్డీ రూజ్‌వెల్ట్, 500కి పైగా పరుగు పందేలు ఓడి, ఆరోజు గెలిచాడు. అదేరోజు రాత్రి డెన్వర్‌లో అధ్యక్ష అభ్యర్థులు ఒబామా, రామ్నీల మొదటి డిబేట్. మర్నాటి పేపర్లో టెడ్డీ గెలుపు ఒక మూల చిన్న ముక్క. డిబేట్‌ది మొదటి పేజీ: రామ్నీ గెలిచాడట, గాలి తిరిగిందట, గేమ్ ఛేంజర్ అట. ఆ వారమంతా రాజకీయ పేజీ నిండా ఆటల మాటలే, నాకౌట్, మొమెంటం, హోమ్ రన్. ఆట పేజీలో లేనన్ని.

అక్టోబర్ 12 శుక్రవారం రాత్రి ప్లేఆఫ్స్‌లో కార్డినల్స్ టీమ్‌తో అయిదో ఆట, సిరీస్‌కి ఆఖరిది. గెలిస్తే ముందుకి, ఓడితే ఇంటికి. నేను స్టేడియంలో ఉన్నాను. మూడో ఇన్నింగ్స్‌కే 6-0. నా పక్క సీటాయన, టై కట్టుకునే వచ్చాడు, ఏదో సెనేటర్ దగ్గర పని, తర్వాతి రౌండుకి టికెట్ల గురించి ఫోన్లో మాట్లాడుకుంటున్నాడు. తర్వాత ఒక్కో పరుగే అటువైపు చేరుతూ వచ్చింది. అయినా తొమ్మిదో ఇన్నింగ్స్‌కి 7-5తో మేమే ముందున్నాం. బంతి మా డ్రూ స్టోరెన్ చేతిలో. ఇద్దరు అవుట్. ఇంకొక్క స్ట్రైక్ పడితే అయిపోతుంది, 45 వేల మందిమి నిలబడే ఉన్నాం. వాళ్ల బ్యాటర్ మొలీనా మీద ఒక్క స్ట్రైక్ మిగిలింది, వాక్ (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే దొరికే మొదటి బేస్). ఫ్రీస్ మీద ఒక్క స్ట్రైక్ మిగిలింది, మళ్లీ వాక్. డెస్కాల్సో కొట్టాడు, 7-7. కోజ్మా కొట్టాడు, 9-7. అంతటితో సరి. అర్ధరాత్రి దాటాక మెట్రోలో ఒక్కరు మాట్లాడితే ఒట్టు. వియన్నా స్టేషన్లో కారు తీసుకుని ఇల్లు చేరేసరికి రెండు.

నిద్ర పట్టక పొద్దున్నే పేపర్ తీశాను. మా కాపీలో మూడో ఇన్నింగ్స్‌లో మా హార్పర్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి చేతులెత్తిన ఫొటో, కింద బాక్స్ స్కోరు ఉండాల్సిన చోట ‘లేట్’. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆ కాగితాన్ని కౌగిలించుకోవాలనిపించింది. మూడో ఇన్నింగ్స్ దగ్గర గెలుస్తున్న టీమ్‌ని గెలిచిందని వాళ్లు రాయలేదు. మాకు ఇంతవరకే తెలుసు, తర్వాతది అచ్చులో లేదు అన్నారు. పేజీలు తిప్పితే ఆటకి ముందు రోజు కెంటకీలో ఉపాధ్యక్ష అభ్యర్థులు బైడెన్, రయాన్‌ల డిబేట్ మీద విశ్లేషణ. ఎవరు గెలిచారో చెప్పేశారు. ఓటింగ్‌కి ఇంకా 24 రోజులుంది. నవంబర్‌లో ఒబామాకి 332 ఎలక్టోరల్ ఓట్లు, రామ్నీకి 206 వచ్చాయి. మూడో ఇన్నింగ్స్‌లో ‘గాలి తిరిగింది’ అని రాసినవాళ్లు మర్నాడు ఇంకో విశ్లేషణ రాసుకున్నారు. రాజకీయ పేజీలో ‘లేట్’ అన్న మాటకి చోటు ఉండదని ఆరోజే తెలిసింది.

2016 సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క ముక్క. నేట్ సిల్వర్ రాజకీయాలకి రాకముందు బేస్‌బాల్ ఆటగాళ్ల భవిష్యత్తు లెక్కగట్టే పెకోటా అనే పద్ధతి తయారుచేసినవాడు. ఎన్నికల ముందు ఆయన లెక్క ట్రంప్‌కి 28.6 శాతం అవకాశం ఇచ్చింది. బేస్‌బాల్ చూసేవాడికి అది .286 బ్యాటింగ్ సగటు. అంటే ఫర్వాలేదనిపించే బ్యాటర్. అలాంటివాడు బంతి కొడితే స్టేడియంలో ఎవడూ కుర్చీలోంచి కిందపడడు. రాజకీయ పేజీ మాత్రం ఆ అంకెని ‘అయిపోయినట్టే’ అని చదివింది, తర్వాత నెలల తరబడి ఆశ్చర్యపోయింది. ఈ విషయంలో మనవాళ్లనీ వదలక్కర్లేదు. 2018 డిసెంబర్‌లో లగడపాటి రాజగోపాల్ గారి సర్వే ప్రజాకూటమిదే పైచేయి అంది, తీరా చూస్తే 119లో 88 టీఆర్‌ఎస్‌కి వచ్చాయి. మా నాన్న ఆ సర్వే నమ్మి పక్కింటాయనతో అయిదొందలు పందెం కాశారు.

ఆ నాన్నే 2019 సెప్టెంబర్‌లో మా దగ్గరికి వచ్చారు. రిటైరయిన లెక్కల మాస్టారు. వారం తిరక్కుండా బాక్స్ స్కోరు చదవడం ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకున్నారు. ‘ఒరే, ఇది మన స్కోర్‌కార్డే కదరా, కాస్త వంకరగా వేశారు’ అన్నారు. ఆయన అన్నది నిజమే, దాన్ని మొదట ప్రచారంలోకి తెచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టినవాడు, క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌కి వచ్చాడు. ఆ ఏడు మా టీమ్ మొదటి 50 ఆటల్లో 19 గెలిచి 31 ఓడి, చచ్చిందనుకున్నాక లేచి వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ దాకా వచ్చింది. అక్టోబర్ 27 ఆదివారం హూస్టన్‌తో అయిదో ఆట. పొద్దున, ఆరోజు మాకు బంతి వేయాల్సిన మ్యాక్స్ షెర్జర్‌కి మెడ పట్టేసింది, బట్టలు కూడా భార్య సాయంతో వేసుకోవాల్సి వచ్చిందట. అతని బదులు జో రాస్ బంతి వేశాడు, 7-1తో ఓడాం. అదే ఆటకి ట్రంప్ వచ్చాడు, పెద్ద తెర మీద చూపించగానే జనం గట్టిగా బూ కొట్టారు.

మర్నాడు నాన్న రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. ఆ బూ మీద రాజకీయ పేజీ వాళ్లు దేశం మనసులో ఏముందో, ఊరి మనసులో ఏముందో, వచ్చే ఏడు ఏమవుతుందో రాసుకుంటూ పోయారు. ‘మెడ పట్టేసిందని రాసినవాడు చెయ్యి ఎంతవరకు లేవలేదో కూడా రాశాడు. ఈయనేమో జనం అంటాడు. జనం అంటే ఎంతమందిరా?’ అన్నారు నాన్న. అదే జనం అదే రాత్రి, ఏడో ఇన్నింగ్స్‌లో మా రోబ్లెస్‌ని అన్యాయంగా అవుట్ ఇచ్చాడని అంపైర్‌నీ బూ కొట్టారు. దాని మీద ఎవరూ దేశం మనసు గురించి రాయలేదు.

30వ తేదీ ఏడో ఆట అర్ధరాత్రికి కాస్త ముందు ముగిసింది. మా హౌవీ కెండ్రిక్ కొట్టిన బంతి మైదానం అంచున ఉండే ఫౌల్ పోల్ అనే స్తంభానికి తగిలి మోగిన చప్పుడు (అది హోమ్ రనే), 6-2, కప్పు మాది. మా కాపీలో ఏముంటుందో నాకు తెలుసు కాబట్టి పొద్దున డ్రైవ్‌వే వైపు వెళ్లనే లేదు. ఎనిమిదిన్నరకి నాన్నే వెళ్లి తెచ్చారు. పూర్తి ఫలితం, పూర్తి బాక్స్ స్కోరు. మా శివారు కాపీని కూడా ఆ రాత్రి ఆపి అచ్చేశారన్నమాట. పేపర్ లేట్‌గా వచ్చింది, ‘లేట్’ లేకుండా వచ్చింది. నాన్న ఆ బాక్స్ స్కోరు కత్తిరించి తెనాలి పట్టుకెళ్లారు, ఇప్పటికీ ఇన్సూరెన్స్ కాగితాల ఫైల్లో ఉంది.

అలాగని ఆటల పేజీ వాళ్లంతా సత్యహరిశ్చంద్రులేం కాదు. 2012లో స్ట్రాస్‌బర్గ్‌ని 159 ఇన్నింగ్స్ తర్వాత చెయ్యి కాపాడాలని ఆపేసినప్పుడు, నెల రోజులు వాళ్లు రాసింది అచ్చం రాజకీయ పేజీలాగే ఉంది. 2022లో మా స్టార్ బ్యాటర్ సోటో 44 కోట్ల డాలర్ల ఒప్పందం వద్దన్నాక అతన్ని ఎవరికి అమ్ముతారో అని రోజుకో ‘విషయం తెలిసిన ఒకరు’. ఆగస్టు 2న శాన్‌డియేగోకి పంపేదాకా ఆ ఒకరు ఎవరో మాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. రాజకీయ పేజీకీ ఒక మార్కు వేయాలి. 2020లో నవంబర్ 3 నుంచి 7 దాకా నాలుగు రోజులు, ఎవరు గెలిచారో చెప్పకుండా, ఏ కౌంటీలో ఎన్ని ఓట్లు లెక్కించాలో మాత్రం రాస్తూ కూర్చున్నారు. నా పదిహేనేళ్ల చందాలో ఆ పేజీని బాక్స్ స్కోరులా చదివింది ఆ నాలుగు రోజులే.

ఇప్పుడు స్కోర్ల పట్టీయే లేదు. ఒక సోమవారం పొద్దున తీసి చూస్తే ఆ చోట పరుపుల ప్రకటన ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. అమ్మాయి చాలా మర్యాదగా, ‘స్కోర్లన్నీ యాప్‌లో లైవ్‌గా వస్తాయి సర్’ అంది. నేను అడుగుతున్నది స్కోరు కాదని ఆ అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియలేదు. రాజకీయ విశ్లేషణ పేజీలు మాత్రం ఒకటి పెరిగాయి.

మీరు చందా కట్టాలా వద్దా అంటే, ఏం చెప్పను. ఊళ్లో నగరపాలన, స్కూళ్లు, మెట్రో మీద వాళ్లు రాసే వార్తలు ఇప్పటికీ బాగుంటాయి. పొద్దున ఫోన్ ముట్టకుండా అరగంట గడపాలనుకునేవాళ్లకి పనికొస్తుంది. మా పెద్దది కాలేజీకి వెళ్లిపోయింది, ఇంట్లో కాగితం చదివేది నేనొక్కణ్ణే, అందుకని ప్రస్తుతానికి ఆదివారానికి మాత్రం కుదించాను. మార్చిలో రెన్యూవల్ ఉంది. నాన్న వారానికోసారి ఫోన్ చేస్తారు. పోయినసారి ఆరోగ్యం సంగతి కూడా అడక్కుండా, ‘ఒరే, శనివారం రాత్రి లాస్ ఏంజెలెస్‌లో ఆట ఉందిగా, మీ పేపర్లో ఏం వేశారు?’ అన్నారు. పరుపులు నలభై శాతం డిస్కౌంట్ అని వేశారు నాన్నా అన్నాను.